కుంకుమ తెగులు: ఒక్క పేరు, పెక్కు తెగలు

ఇనుమునకు తుప్పు పట్టుట అందరు నెరిగినదే. పచ్చని పైరునకు తుప్పు పట్టుటను సేద్యము చేయువారే ఎక్కువగా నెరుగుదురు. ఆకుల మీదను, కాడల మీదను ఎఱ్ఱని చిన్న పొక్కులు లేచును. తాకినచో కుంకుమ వంటి పొడి వ్రేళ్ళకు అంటును. కావుననే మన రైతులు దీనిని తుప్పు తెగులనియు, కుంకుమ తెగులనియు పిలుచుచున్నారు. వేరుసెనగలోను, జొన్నలోను దీని జ్ఞాతులు మనకు పరిచితములే. గోధుమకు వచ్చు కుంకుమ తెగులు వాటికంటె వేరైనది. దాని కథ పెద్దది.

తెలుగువారిది అన్నము తిను దేశము గదా, గోధుమ తెగులుతో మనకేమి పని యని కొందరు శ్రోతలు అడుగవచ్చును. మన యింట ఉదయము ఉప్మా, పండుగనాడు పూరీ, బొబ్బట్టు, రాత్రి పలువురకు రొట్టె - ఇవన్నియు గోధుమ వలన వచ్చునవే. పంజాబు పొలములలో పంట తగ్గినచో మన ఊరి అంగడిలో రవ్వ ధర మారును. అంతేకాక, ఈ కథలో ఒక ముఖ్యమైన అధ్యాయము దక్షిణ దేశపు కొండలలోను, మన సముద్రము మీది తుపానులలోను జరిగినది. దానిని యథాస్థానమున చెప్పుదుము.

మేము ముందుగా ఒక ప్రశ్న వేయుదుము. మానవుడు ఈ శత్రువును రెండు వేల యేండ్లకు పైగా ఎరుగును. దీనికి కారణమైన శిలీంధ్రమును కన్నులార చూచి రెండున్నర శతాబ్దములు గడచినవి. దీనికి లొంగని గోధుమ వంగడములను సృష్టించుట మొదలిడి నూరేండ్లు దాటినది. ఐనను ఈ తెగులు నేటికిని ఏల తీరలేదు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే దీని చరిత్ర.

ప్రాచీన రోమకులు ఈ తెగులును దైవకోపమని తలచిరి. రోబిగస్ అను దేవతను శాంతింపజేయుటకై ఏటేట ఏప్రిల్ 25వ తేదీన ఉత్సవము చేసి, కుక్కను బలి యిచ్చెడివారు. ఆ తేదీ ఊరక నిర్ణయించినది కాదు. ఆ దేశమున గోధుమ పైరు తెగులునకు లోనగు కాలమది. వారికి కాలము తెలిసినది, కారణము తెలియలేదు. అది తెలియుటకు సూక్ష్మదర్శిని రావలసి వచ్చినది. 1767లో ఇటలీ దేశమున ఫోంటానా, టార్గియోని టోజెట్టి అను ఇద్దరు పండితులు, ఒకరితో నొకరికి సంబంధము లేకయే, ఆ ఎఱ్ఱని పొడిని పరీక్షించి, ఇది పైరు మీద బ్రతుకు మరియొక ప్రాణియని వెల్లడించిరి. 1797లో పెర్సూన్ అను శాస్త్రజ్ఞుడు కాడకు వచ్చు తెగులు శిలీంధ్రమునకు పక్సీనియా గ్రామినిస్ అని పేరిడెను.

గోధుమకు మూడు విధములగు కుంకుమ తెగుళ్ళు కలవు. కాడను పట్టునది మొదటిది. చివరకు నల్లబారును గనుక దీనిని నల్ల తుప్పనియు అందురు. ఆకును పట్టునది గోధుమవన్నె తుప్పు. ఆకు మీద చారలుగా వచ్చునది పసుపు తుప్పు. మూడింటిలోను కాడ తెగులు భయంకరము. కోతకు మూడు వారములు ముందు నిండుగా నిలిచిన చేను, కోతనాటికి విరిగిన నల్లని కాడల కుప్పయై, గింజలు నొక్కులు పడి తాలుగా మారుట కలదు. మేము చెప్పబోవునది ముఖ్యముగా ఈ కాడ తెగులును గూర్చియే.

శాస్త్రజ్ఞుల కంటె ముందుగా రైతులు ఒక సంగతి గమనించిరి. ఐరోపాలోను, అమెరికాలోను కంచెలకు పెంచెడి బార్బెరీ అను ముండ్ల పొద సమీపమున నున్న గోధుమకు తెగులు ఎక్కువగా వచ్చుచుండెను. మన ఆయుర్వేదమున దారుహరిద్ర యను పేర వాడు మొక్క ఈ జాతికి చెందినదే. 1726లో అమెరికాలోని కనెక్టికట్ వలసరాజ్యము ఈ పొదలను నరికివేయుటకు శాసనము చేసెను. విద్వాంసులు పెక్కుమంది దీనిని పామరుల మూఢనమ్మకమని త్రోసిపుచ్చిరి. 1816లో డెన్మార్కున ఒక బడిపంతులు బార్బెరీ ఆకుల మీది పొడిని రై పైరునకు రుద్ది, తెగులు కలిగించి చూపెను. ఆయన మాటను పండితులు చెవిని పెట్టలేదు. తుదకు 1865లో జర్మను శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ ఈ శిలీంధ్రము తన జీవితములో కొంత భాగము గోధుమ మీదను, కొంత భాగము బార్బెరీ మీదను గడపునని నిస్సందేహముగా నిరూపించిరి. పామరుల మాట నిజమని తేలుటకు నూట ముప్పది తొమ్మిది యేండ్లు పట్టినది.

ఇంతవరకు అందరును ఈ శిలీంధ్రము ఒక్కటే యని తలచిరి. 1894లో స్వీడను దేశస్థుడగు యాకోబ్ ఎరిక్సన్ ఆ నమ్మకమును కదలించిరి. గోధుమ మీది శిలీంధ్రము, రై మీదిది, ఓట్సు మీదిది సూక్ష్మదర్శినిలో ఒకే తీరుగా కనబడినను, ఒకదానిది మరియొక పైరును పట్టదని ఆయన చూపిరి. రూపము ఒక్కటే, నడత వేరు. కంటికి కనబడని భేదము ప్రాణికోటిలో నుండుననుటకు అది గొప్ప నిదర్శనము.

పదకొండేండ్ల తరువాత, 1905లో, కేంబ్రిడ్జిలో రోలండ్ బిఫెన్ మరియొక శుభవార్త వినిపించిరి. పసుపు తుప్పునకు లొంగకుండుట యనునది గోధుమలో మెండెల్ సూత్రము ననుసరించి తండ్రి తాతల నుండి సంక్రమించు గుణమని ఆయన కనుగొనిరి. అనగా, లొంగని గోధుమను మంచి దిగుబడి నిచ్చు గోధుమతో సంకరపరచి, ఆ గుణమును కోరినట్లు తెచ్చుకొనవచ్చును. ఇక తెగులు పని తీరినదని పలువురు సంతసించిరి. ఒకసారి లొంగని వంగడమును సంపాదించినచో అది ఎల్లకాలము లొంగకుండునని వారి ఆశ.

ఆ ఆశ భగ్నమైన తీరు వినదగినది. 1916లో అమెరికా, కెనడాల గోధుమ పొలములను కాడ తెగులు ఘోరముగా పాడుచేసెను. ఆ కాలముననే మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఎల్విన్ చార్లెస్ స్టాక్‌మన్ అను యువ శాస్త్రవేత్త ఒక చిక్కును విప్పుచుండిరి. ఒక వంగడము ఒక చోట ఆరోగ్యముగా నిలుచును, మరియొక చోట అదే వంగడము మాడిపోవును. నేల భేదమా, వాతావరణ భేదమా? రెండును కావని ఆయన తేల్చిరి. గోధుమను పట్టు శిలీంధ్రములోనే పెక్కు తెగలు కలవు. ఒక తెగకు లొంగని గోధుమ మరియొక తెగకు లొంగును.

ఈ తెగలను గుర్తించుటకు స్టాక్‌మన్ ఏర్పరచిన పద్ధతి సులభమైనది. పండ్రెండు గోధుమ రకములను ఎన్నుకొనిరి. పొలము నుండి తెచ్చిన కుంకుమపొడిని ఆ పండ్రెండింటి లేత మొలకల మీద చల్లిరి. ఏ రకము లొంగినది, ఏది నిలిచినది అని పట్టికలో వ్రాసికొనిరి. ఆ పట్టికయే ఆ తెగకు చిరునామా. దానినిబట్టి ఒక్కొక్క తెగకు ఒక్కొక్క అంకె నిచ్చిరి. ఈ పరీక్ష సాగినకొలది అంకెలు పెరిగినవి. ఒకటనుకొన్న శత్రువు వందలుగా తేలెను. 1921లో స్టాక్‌మన్ విమానములలో జిగురు పూసిన గాజుపలకల నుంచి, 10,000 అడుగులకు పైన సైతము ఈ సిద్ధబీజములు గాలిలో తేలియాడుట చూపిరి. ఈ సైన్యము నిలుకడగా నుండునది కాదు, గాలి నెక్కి దేశములు దాటునది.

ఇన్ని తెగలు ఎట్లు పుట్టినవి? 1927లో కెనడాలోని విన్నిపెగ్ నగరమున జాన్ హ్యూబర్ట్ క్రేగీ ఒక మార్గము కనుగొనిరి. బార్బెరీ ఆకు మీద ఈ శిలీంధ్రము తేనె వంటి ద్రవమును స్రవింపజేయును. ఈగలు ఆ తీపికి వచ్చి, ఒక పొక్కు నుండి మరియొక పొక్కునకు ఆ ద్రవమును మోయును. అట్లు శిలీంధ్రములో రెండు భిన్న వంశములకు సంగమము జరిగి, గుణములు కలిసి, క్రొత్త తెగలు పుట్టును. గోధుమ మీద నున్నంతకాలము శిలీంధ్రము తన వంటి ప్రతులనే వేలకొలది అచ్చు తీయును. బార్బెరీ మీద నున్నప్పుడు పేకముక్కలను కలిపి క్రొత్తగా పంచినట్లు గుణములను పంచును. అమెరికాలో 1918 నుండియే ఈ పొదలను కోట్లకొలది పెరికివేయు ఉద్యమము సాగుచుండెను. దాని ఫలముగా తెగలసంఖ్య తగ్గినది, తెగులు మునుపటి కంటె ఆలస్యముగా వచ్చుటయు మొదలైనది.

ఐనను పోరు ముగియలేదు. సెరీస్ అను గోధుమను అమెరికా రైతులు నమ్మకముతో వేసిరి. 1935లో 56వ తెగ దానిని నేలగూల్చెను. క్రొత్త వంగడములు వచ్చినవి. 1939లో బార్బెరీ పొదల సమీపమున 15-బి అను తెగ కనబడినది. పదకొండేండ్లు అది ఎవరికిని కీడు చేయక మూలనుండి, 1950లో దేశమంతట వ్యాపించెను. 1954లో అమెరికాలో డ్యూరమ్ గోధుమ పంటలో సుమారు నాలుగింట మూడు వంతులు నాశనమైనది.

ఈ ఓటమికి మూలము నార్త్ డకోటాలో హెరాల్డ్ ఫ్లోర్ అను శాస్త్రవేత్త 1940 దశకమున అవిసె పైరు కుంకుమ తెగులు మీద చేసిన పరిశోధనలలో తేటతెల్లమైనది. మొక్కలో కాపలా కాయు జన్యువు ఒకటి యున్నచో, శిలీంధ్రములో దానికి సరిగా ఎదురు జన్యువు ఒకటి యుండును. శిలీంధ్రము తయారు చేయు ఒక పదార్థమును మొక్క గుర్తుపట్టి తలుపు మూయును. ఆ పదార్థమును శిలీంధ్రము కొంచెము మార్చుకొన్నను, విడిచిపెట్టినను, కాపలాదారుడు దొంగను గుర్తుపట్టజాలడు. ఒక ఖండమంతట ఒకే కాపలాదారుని నిలిపినచో, ఎక్కడనో పుట్టిన ఒక్క మార్పుతో శిలీంధ్రమునకు ఆ ఖండమంతయు తలుపు తెరచిన యిల్లగును. కోటానుకోట్ల సిద్ధబీజములు పుట్టుచుండగా అట్టి మార్పు రాకుండుట అరుదు.

ఇక మన దేశమునకు వత్తము. 1946-47లో మధ్య భారతమున కాడ తెగులు చెలరేగి గోధుమ పంటను తుడిచిపెట్టెను. నష్టము సుమారు 20 లక్షల టన్నులని అంచనా వేసిరి. స్వాతంత్ర్యము రానున్న వేళ, ఆహారము కొరతగా నున్న వేళ వచ్చిన దెబ్బ యది. అప్పటికే రెండు దశాబ్దములకు పైగా ఆగ్రా కళాశాలలో ఆచార్య కరంచంద్ మెహతా ఒక ప్రశ్నకు సమాధానము వెదకుచుండిరి. ఉత్తర హిందూస్థానపు మైదానములలో వేసవి యెండకు ఈ శిలీంధ్రము బ్రతుకదు. పంట కోసిన తరువాత పొలములో గోధుమయే లేదు. మరి మరుసటి సంవత్సరము తెగులు ఎక్కడ నుండి వచ్చుచున్నది? హిమాలయములలో బార్బెరీ జాతులున్నను, పాశ్చాత్య దేశములలో వలె అవి ఇచట కారణము కావని మెహతా నిరూపించిరి. చల్లని కొండలలో వేసవియందును గోధుమ పండించెదరు. అచ్చట శిలీంధ్రము తలదాచుకొని, చలికాలమున గాలితో మైదానములకు దిగివచ్చును. కాడ తెగులు విషయమున ఉత్తరపు కొండల కంటె దక్షిణమున నున్న నీలగిరులు, పళని కొండలే ప్రధాన స్థానములు.

నీలగిరుల నుండి మధ్య భారతమునకు వందల మైళ్ళ దూరము. 1970 దశకమున ఎస్. నాగరాజన్, ఆయన సహచరులు ఆ దారిని వాతావరణ పటములతో జోడించి చూపిరి. నవంబరు నెలలో బంగాళాఖాతమున లేచు వాయుగుండములు, తుపానులు దక్షిణపు కొండల మీది సిద్ధబీజములను ఎత్తి, ఉత్తరమునకు మోసికొనిపోవును. మధ్య భారతమున కురియు వాన వాటిని గోధుమ పైరు మీదికి దింపును. నవంబరు తుపాను హెచ్చరికను రేడియోలో వినుట కోస్తా జిల్లాల వారికి అలవాటే. పడవలను ఒడ్డునకు చేర్చుట, వరి పనలను కాపాడుకొనుట మన చింత. అదే గాలి మరియొక ప్రాంతపు రైతు చేనికి తెగులును మోసికొని పోవుచుండుననుట మనలో పెక్కుమంది తలపునకు రాని సంగతి.

మెహతా సూచించిన నివారణోపాయము సూటియైనది: కొండలలో వేసవి గోధుమను మాన్పవలెను, కాలము కాని కాలమున తానై మొలచిన మొక్కలను పీకివేయవలెను. శాస్త్రరీత్యా అది సమంజసమే. కాని కొండరైతు వైపు నుండియు ఆలోచింపవలెను. ఎక్కడో మైళ్ళ దూరమున నున్న చేలు బాగుండుటకై తన చిన్న పొలములో పంట మానుమన్నచో, అతని కడుపునకు బదులేమి చూపుదుము? కీడు గాలిలో పయనించినప్పుడు దాని నాపు భారమును ఒక్కరి నెత్తిన మోపుట న్యాయము కాదు. ఈ చిక్కు నేటికిని ప్రతి దేశమునకు కలదు.

స్టాక్‌మన్ శిష్యులలో ఒకరగు నార్మన్ బోర్లాగ్ 1944లో మెక్సికోకు వెళ్ళి, తెగులునకు తట్టుకొను గోధుమలను సృష్టించిరి. ఆ సంతతి గోధుమలే 1960 దశకమున మన దేశమునకు వచ్చి హరిత విప్లవమునకు పునాది వేసెను. వాటి సంతానమగు కల్యాణసోనా 1970 దశకమున ఆకు తుప్పునకు లొంగిపోయెను. ఐనను కాడ తెగులు మాత్రము వెనుకబట్టెను. రై పైరు నుండి గోధుమకు తెచ్చిన ఎస్.ఆర్. 31 అను జన్యువు పెక్కు దేశములలో కాపలా కాచెను. మన దేశమున 1995లో విడుదలై ఉత్తరాది పొలములనెల్ల ఆక్రమించిన పీ.బీ.డబ్ల్యు. 343 అను వంగడములోను అదే జన్యువు కలదు. కాడ తెగులు ఇక గతించిన కథ యని ప్రభుత్వములు తలచినవి. పరిశోధనాలయములు దానిపై పనిని తగ్గించినవి. తెగులును చూచి గుర్తుపట్టగల అనుభవజ్ఞులు ఒక్కరొక్కరుగా విశ్రాంతి తీసికొనిరి.

1998లో ఆఫ్రికాలోని యుగాండాలో, ఎస్.ఆర్. 31 గల గోధుమ మీద కాడ తెగులు పొక్కులు కనబడెను. 1999లో ఆ తెగను పరీక్షించి యూజీ 99 అని పేరిడిరి. అది కెన్యాకు, ఇథియోపియాకు ప్రాకెను. 2006లో ఎఱ్ఱసముద్రము దాటి యెమెన్‌లోను, 2007లో ఇరాన్‌లోను కనబడెను. ప్రపంచమున సాగులో నున్న గోధుమ వంగడములలో అధిక భాగము దానికి లొంగునవియేయని పరీక్షలలో తేలెను. తొంబది యేండ్లు దాటిన బోర్లాగ్ 2005 నుండి దేశదేశములను హెచ్చరించిరి. 2009లో కన్నుమూయు వరకు ఆయన చింత ఇదియే.

ఈ తెగ ఎట్లు పుట్టినదను ప్రశ్నకు సమాధానము 2019లో లభించెను. ఈ శిలీంధ్రపు ఒక్కొక్క కణములో రెండేసి కేంద్రకములుండును. ఆస్ట్రేలియా, అమెరికా, దక్షిణాఫ్రికా దేశముల పరిశోధకులు యూజీ 99 లోని రెండు కేంద్రకముల జన్యులిపిని వేరువేరుగా చదివి చూచిరి. అందొకటి, 1954లో ఆస్ట్రేలియాలో కనబడిన 21వ తెగలోని కేంద్రకముతో ఇంచుమించు అచ్చు గ్రుద్దినట్లున్నది. ఆ తెగయు ఆఫ్రికా దక్షిణ భాగము నుండి వచ్చినదేయని అభిప్రాయము. అనగా, ఎప్పుడో ఆఫ్రికాలో ఒకే మొక్క మీద రెండు తెగలు కలిసికొని, వాటి దారములు అతుకుకొని, కేంద్రకములను మార్చుకొన్నవి. బార్బెరీతో పని లేకయే క్రొత్త తెగ పుట్టినది. ఇట్టి మార్పిడి జరుగునని సిడ్నీలో ఇర్విన్ వాట్సన్ 1950 దశకముననే ప్రయోగములతో చూపియుండిరి. దాని వలన ప్రకృతిలో ఇంతటి ముప్పు వచ్చునని నిరూపించుటకు అరువది యేండ్లు పట్టినది.

కావున మేము మొదట వేసిన ప్రశ్నకు ఇప్పుడు బదులు చెప్పవచ్చును. ఈ శత్రువు బలము దాని వైవిధ్యములో నున్నది. ఆకస్మికమగు మార్పు ఒక దారి, బార్బెరీ మీది సంగమము రెండవ దారి, కేంద్రకముల మార్పిడి మూడవ దారి, గాలి మీద దూరదేశయానము నాలుగవ దారి. ఒకటి మూసిన మరియొకటి తెరచియే యుండును. మన పొలములలో మాత్రము దీనికి విపరీతముగా నడచుచున్నది. దిగుబడి బాగున్నదని ఒకే వంగడమును లక్షలాది యెకరములలో వేయుదుము. పలు రూపముల శత్రువునకు ఎదురుగా ఒకే రూపముగల పైరును నిలుపుచున్నాము.

శాస్త్రజ్ఞులు ఇప్పుడు చేయుచున్న పని ఈ పాఠము నుండి వచ్చినదే. ఒక జన్యువును నమ్మక, పలు జన్యువులను ఒకే వంగడములో పేర్చుచున్నారు; నాలుగైదు తాళములు ఒక్కసారిగా తెరచుట శిలీంధ్రమునకు కష్టము. ఒక్క పెట్టున అడ్డుకొనకపోయినను తెగులును మందగింపజేయు జన్యువులనుగూడ చేర్చుచున్నారు. అడవి గడ్డిజాతుల నుండియు, పాతకాలపు నాటు గోధుమల నుండియు వాటిని తెచ్చుచున్నారు. సిమ్లాలోని ఫ్లవర్‌డేల్ కేంద్రములో మన దేశపు తెగలను నూటికి పైగా సజీవముగా నిలిపి, క్రొత్త వంగడములను వాటికి ఎదురొడ్డి పరీక్షించుచున్నారు. మెహతా మొదలిడిన పనికి అది కొనసాగింపు.

ఈ కావలికి విశ్రాంతి లేదు. 2013లో ఇంగ్లండున ఒక్క గోధుమ మొక్క మీద కాడ తెగులు కనబడినది. అంతకు ముందు దాదాపు అరువది యేండ్లుగా ఆ దేశమున దాని జాడ లేదు. ఆ యేటనే ఇథియోపియాలో, ఎస్.ఆర్. 31 తో సంబంధము లేని మరియొక తెగ, రైతులు మెచ్చిన దిగాలు అను గోధుమను పాడుచేసెను. 2016లో సిసిలీ ద్వీపమున ఇంకొక తెగ వేల ఎకరములను పట్టెను. రోబిగస్ దేవతకు బలులిచ్చిన ఇటలీ నేల మీదనే, రెండు వేల యేండ్ల పిదప, అదే తెగులు!

రోమకులు ఏటేట ఒక దినము దీనిని స్మరించిరి. వారి కారణము తప్పు; ఏటేట మరువకుండుట మాత్రము ఒప్పు. నలుబది యేండ్లు తెగులు రానందున అక్కర లేదని మూసిన పరిశోధనాలయమును, తెగులు వచ్చిన నాడు తెరచి లాభము లేదు. తెగను గుర్తుపట్టు కన్ను ఒక్కనాట తయారుకాదు. నాటు గోధుమల విత్తనములను భద్రపరచు గిడ్డంగికి, సిమ్లా కొండ మీద మొలకల నెదుట కూర్చున్న పరిశోధకునికి మన పన్నుల నుండి పోవు పైకము, మన యింటి రొట్టెకు కట్టిన కాపలా కూలి. తుపాను వార్త వినుచున్నప్పుడు మన తీరముతోపాటు, ఆ గాలి చేరబోవు గోధుమ చేలనుగూడ శ్రోతలు ఒక్కమారు తలచుకొందురుగాక!